గుంటలో మిగిలిన డబ్బీ

పోయిన వారం రేణుక చేతిలో ఒక కాగితం పెట్టి, చేనేత సంఘం హాలు గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. ఇవాళ లోపలికి తీసుకెళదాం. వెళ్ళేముందు, కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

చింతలంకపాలెం కంకిపాడు నుంచి ఆటోలో అరగంట. ఆ ఊళ్ళో మగ్గాల వీధి రేణుక పుట్టిన వీధీ, మెట్టిన వీధీ. పుట్టింటికీ అత్తింటికీ మధ్య పదకొండు గడపలు. ఊరికి ఆశా కార్యకర్త ఆమే. విజయవాడలో ఒక కాలేజీ నుంచి హెలెన్ మేడం వచ్చి, నేలలోంచి రేడాన్ అనే గాలి పైకి వస్తుందని, దానికి రంగూ వాసనా ఉండవని, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ రావచ్చని చెప్పింది. ఈ వీధిలో అందరివీ గుంట మగ్గాలే. నేలలో రెండడుగుల గుంట తీసి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపల పెట్టి తొక్కుతూ పొద్దస్తమానం నేస్తారు. బయటి గాలికి నూలు ఆరిపోయి తెగుతుందని కిటికీలు వేసుకుంటారు. పైగా వెనకటి తుఫాను తర్వాత వీధిని ఎత్తు చెయ్యడానికి ఎక్కడిదో క్వారీ మట్టి లారీలతో తెచ్చి పోశారు. మేడం అనుమానం ఆ మట్టి మీద.

అందుకని నలభై ఇళ్ళలో, నలభై గుంటల్లో, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దవి నల్ల ప్లాస్టిక్ డబ్బీలు పెట్టించారు. లోపల ఒక ఫిల్ము ముక్క ఉంటుంది. మూడు నెలలు అక్కడుంటే ఆ గాలి ఫిల్ము మీద కంటికి కనిపించని గాట్లు పెడుతుంది. ల్యాబులో వాటిని లెక్కపెట్టి ఇంత ఉందని చెబుతారు. ఇంటింటికీ తిరిగి వాటిని పెట్టింది రేణుకే. వీధిలో ఆడవాళ్ళు వాటికి రేడియో డబ్బీలని పేరు పెట్టుకున్నారు. రేడాన్ అన్నా రేడియో అన్నా వాళ్ళకు ఒకటే.

మొన్న లెక్కలు వచ్చాయి, వాటితోపాటు రేణుక చూసి సంతకం పెట్టి పంపాల్సిన కాగితం కూడా. మూడువందలు దాటితే ఊరుకోకూడదన్నారు. ముప్పైతొమ్మిది ఇళ్ళు యాభై కూడా దాటలేదు. ఒక్క ఇంట్లో మాత్రం ఆరువందల పన్నెండు వచ్చింది. ఆ ఇల్లు రేణుక తండ్రి ఏడుకొండలుది.

ఇక్కడ పాత పుండు ఒకటుంది. రేణుక తల్లి చౌడేశ్వరమ్మ ముప్పైయేళ్ళు ఆ గుంటలో కాళ్ళు పెట్టి నేసి, రెండేళ్ళ కిందట ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయింది. ఆవిడ జన్మలో పొగ తాగలేదు. ఏడుకొండలు చుట్ట తాగుతాడు. పెద్దకర్మ నాడు, భోజనాల బంతి సగంలో ఉండగా, రేణుక విస్తరి ముందునుంచి లేచి, "మా అమ్మని నువ్వే చంపావు" అంది. అందరూ విన్నారు. ఏడుకొండలు చేతిలో ఉన్న ముద్ద విస్తట్లో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజునుంచి తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు.

ఇంక లోపలికి పదండి.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర. హాల్లో ఫ్యాన్లు రెండు తిరుగుతున్నాయి, మూడోది మూలుగుతోంది. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు జంపఖానా మీద. ముందు వరసలో రేణుక భర్త దుర్గాశంకర్ తల వంచుకుని కూర్చున్నాడు. ఎదురుగా బల్ల వెనక భానుచందర్ ఉన్నాడు. వీధి మొత్తానికి నూలు ఇచ్చేదీ, నేసిన చీరలు పట్టుకెళ్ళి విజయవాడ పటమటలో షాపులకు వేసేదీ ఆయనే. అందరికీ షావుకారు గారు. గొంతు పెంచే అలవాటు లేదు. ఆ అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

"రామ్మా రేణుకా, కూర్చో," అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"సరే నీ ఇష్టం. చూడు, నలభైలో ముప్పైతొమ్మిది నిక్షేపంగా ఉన్నాయి. ఒక్కటి తేడా కొట్టింది. ఆ కాగితంలో పాడైన డబ్బీలు అని ఒక గడి ఉందట కదా. అందులో మీ నాన్న డబ్బీ నంబరు వేసి, కింద నీ సంతకం పెట్టెయ్యి. వాళ్ళు వేరే ఊరు చూసుకుంటారు, మన పని మనం చేసుకుంటాం."

"డబ్బీ పాడైందని ఎవరు చెప్పారండీ?"

"ఒకళ్ళు చెప్పాలా? ఒకే వీధి, ఒకే నేల. అందరిళ్ళలో లేనిది ఆ ఒక్క ఇంట్లోకే ఎలా వచ్చిందమ్మా?"

నిన్న రాత్రంతా రేణుక తనను తాను అడిగింది కూడా అదే.

"పటమటలో ఇద్దరు షాపులవాళ్ళు ఫోన్లు చేశారు," అన్నాడు భానుచందర్. "మీ ఊళ్ళో గుంటల్లోంచి విషవాయువు వస్తోందట, చీరలకు పడుతుందా అని. గాలి చీరకు పట్టదని నాకు తెలుసు, నీకు తెలుసు. కొనుక్కునే ఆవిడకు ఏం తెలుసు? ఆవిడ పక్క ఊరి చీర తీసుకుంటుంది. నేను నూలు పక్క ఊరికి ఇస్తాను. నన్ను తప్పు పట్టకు, నాకూ వేరే దారి లేదు. దుర్గాశంకర్, నువ్వు చెప్పవయ్యా నీ భార్యకి."

దుర్గాశంకర్ తల ఎత్తకుండానే అన్నాడు. "సంతకం పెట్టెయ్ రేణుకా. ఇంటికెళ్ళి అన్నం తిందాం."

ఇక్కడ రేణుక మనసులో మాట దాచకుండా చెప్పాలి. షావుకారు అడిగిన సంతకం ఆమెకూ సుఖమే. ఆరువందల పన్నెండు నిజమైతే, రెండేళ్ళుగా తండ్రి నెత్తిన పెట్టిన నిందలో కొంత తీసి నేల మీద పెట్టాలి. నలుగురిలో అన్న మాట నలుగురిలో వెనక్కి తీసుకోవాలి. ఆ డబ్బీ పాడైందంటే అదేమీ అక్కర్లేదు. అప్పుడన్నదే రైటు అనుకుని హాయిగా బతకొచ్చు. ఇంత పెద్ద వీధి క్షేమం కోసమే సంతకం పెడుతున్నానని చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది. రేణుక పెన్ను మూత తీసింది.

అప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఏడుకొండలు లోపలికొచ్చాడు. అరవై మూడేళ్ళ మనిషి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కూతురివైపు చూడలేదు. షావుకారుకు దణ్ణం పెట్టి, బల్లవైపు తిరిగి చెప్పాడు.

"ఆ డబ్బీ పాడైపోయిందండీ. నేనే పాడుచేశాను. గుంట అంచున కూర్చుని చుట్ట కాల్చేవాణ్ణి. పొగంతా దానిమీదకే పోయింది. అందుకే అలా తప్పు చూపించి ఉంటుంది."

మగవాళ్ళలో ఎవరో నవ్వారు. "ఇంకా మానలేదా మావా?" అని ఒకడు అడిగాడు. ఏడుకొండలు కూడా కొంచెం నవ్వినట్టు మొహం పెట్టాడు.

"విన్నావుగా," అన్నాడు భానుచందర్. "ఇక రాయమ్మా."

రేణుక నంబరు రాయబోయి ఆగింది. గడి పక్కన ఇంకో చిన్న గడి ఉంది: కారణం. పన్నెండేళ్ళుగా టీకాల రిజిస్టర్లు, బాలింతల కార్డులు రాసిన చెయ్యి అది. ఉత్తుత్తి కారణం రాయడం దానికి చేతకాదు. పొగవల్ల ఫిల్ము పాడవుతుందో లేదో ఆమెకు తెలియదు.

"ఒక్క నిమిషం. మేడంని అడిగి రాస్తాను."

"అడుగు, అడుగు," అన్నాడు భానుచందర్. "అందరికీ వినపడేలా స్పీకర్లో పెట్టు. రేపు మళ్ళీ అనుమానాలు రాకుండా."

పాపం షావుకారు గారు, ఆ మాట అనకుండా ఉంటే ఈ కథ ఈ వారంతో అయిపోయేది.

మూడో రింగుకు హెలెన్ మేడం ఎత్తింది. రేణుక సంగతి చెప్పింది. ఫోను బల్ల మీద ఉంది.

"చుట్ట పొగకి ఆ ఫిల్ము పాడవదు రేణుకా," అంది మేడం. "పొగ దాని మీద గాట్లు పెట్టలేదు. ఆరువందల పన్నెండు అంటే ఆరువందల పన్నెండే. నేను ఉదయం నుంచి ఆ లెక్కలే చూస్తున్నాను. నా అనుమానం ఆ ఒక్కదాని మీద కాదు, మిగతా ముప్పైతొమ్మిది మీద. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, ఒకే మట్టి, ఒకే లోతు గుంటలు. పక్కింట్లో నలభై ఎలా వస్తుంది? మూడు నెలలూ డబ్బీలు గుంటల్లోనే ఉన్నాయా?"

"ఉన్నాయి మేడం. నేనే పెట్టాను."

"పెట్టావు. తర్వాత చూశావా?"

"నెలనెలా వెళ్ళాను మేడం. ప్రతి ఇంట్లోనూ అడిగాను. డబ్బీ భద్రంగా ఉందా అని..."

ఆ మాట నోట్లో ఉండగానే రేణుకకు ఏదో తట్టింది. ఫారంలో ఉన్న ప్రశ్న అది: డబ్బీ భద్రంగా ఉందా? ఆమె గుమ్మంలోనే నిలబడి అడిగింది. లోపలినుంచి ప్రతి ఇల్లాలూ ఒకే జవాబు చెప్పింది, భద్రంగా ఉందమ్మా అని. ఆమె టిక్కు పెట్టుకుని పక్కింటికి పోయింది. తండ్రి ఇంటికి మాత్రం అడగకుండానే టిక్కు పెట్టింది. మగ్గం నడుస్తుంటే లోపలికెళ్ళి వంగి చూడటం దేనికని అనుకుంది. ఎండలో ఇంకా సగం వీధి మిగిలి ఉండేది.

జంపఖానా మీద నుంచి రేణుక అత్తగారు రాజ్యలక్ష్మి లేచి నిలబడింది. కాస్త చెవుడు. అందుకని గట్టిగా మాట్లాడుతుంది.

"ఏమంటోందే ఆవిడ? మేమేమన్నా పారేశామనుకుంటోందా? మేడం గారూ, నేనండీ, రేణుక అత్తగార్ని. మా ఇంట్లో ఆ డబ్బీకి ఏ లోటూ చెయ్యలేదండీ. దాని మీద అక్షరాలున్నాయి కదా. అక్షరాలున్నదాన్ని కాళ్ళు పెట్టేచోట ఉంచుతామా? మా కోడలు పెట్టిన పూటే మావాడి కాలు తగిలింది. కళ్ళకద్దుకుని తీసి, అమ్మవారి గూట్లో పెట్టాను. రోజూ ఇంత కుంకుమ కూడా పెట్టాను."

ఆ గూటి తలుపు అత్తగారు తప్ప ఎవరూ తీయరు; సొంత ఇంట్లో కూడా రేణుక గుంటలోకి వంగి చూడలేదు.

"మరి, సరస్వతి కదండీ," అంది పక్కన కూర్చున్న సాయిశ్రీ. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, బీకాం చదివింది. "మేమూ గూట్లోనే పెట్టాం. గుంటలో దుమ్ము కూడా పడుతుందని."

ఇంక ఒకరి వెనక ఒకరు అందుకున్నారు. ఏ ఇంట్లోనూ తప్పు చేశామన్న ధ్యాస లేదు, పైపెచ్చు ఎంత పదిలంగా చూసుకున్నదీ చెబుతున్నారు. ఒకావిడ బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టింది. మిగతావాళ్ళంతా దేవుడి గూట్లోనే. డబ్బీ మీద తెల్ల కాగితం, కాగితం మీద ఊరి పేరు, ఇంటి నంబరు, తీయరాదు అనే ముక్క అచ్చులో ఉన్నాయి. తీయరాదు అన్న అక్షరాల కోసమే తీశారు.

గుమ్మాల్లోనే నిలబడి తిరిగి తీసుకున్నప్పుడు డబ్బీల మీద ఎర్రగా మరకలు కనిపించాయి. రేణుక వాటిని చీర చెంగుతో తుడిచి అట్టపెట్టెలో సర్దింది. కుంకుమ అని తెలుసు. గుంటలో ఉన్నదానికి కుంకుమ ఎవరు పెడతారని అప్పుడు ఆలోచించలేదు. ఆమెకు ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోన్లో హెలెన్ మేడం నెమ్మదిగా అంది. "అంటే మనం కొలిచింది దేవుడి గూళ్ళ దగ్గర గాలి రేణుకా. ఆ గాలి ఎక్కువగా నిలిచేది గుంటలో. గుంటలో గాలి కొలిచింది ఒక్క ఇంట్లోనే."

ఈ వీధిలో ఇంత చదువురాని భక్తి ఉందని నవ్వుకోనక్కర్లేదు. కింద పడ్డ పేపరు ముక్క మీద కాలు పడితే మనమూ కళ్ళకద్దుకుంటాం. కాకపోతే మనం కాళ్ళు పెట్టే చోట చావు ఎంత ఉందో కొలవడానికి ఎవరూ డబ్బీలు పెట్టలేదు.

రేణుక తండ్రివైపు తిరిగింది. ఏడుకొండలు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన దారిలో పడి ఉన్న పేపరును దాటి కూడా వెళ్ళని మనిషి. చిన్నప్పుడు పలక మీద కాలు పడిందని ఆమెచేత గుంజీలు తీయించిన మనిషి.

"నువ్వెందుకు తీయలేదు?" అంది.

హాల్లో అందరూ అటు చూశారు. రెండేళ్ళ తర్వాత కూతురు తండ్రిని సూటిగా అడిగిన మాట అది.

"తీయొద్దన్నావుగా," అన్నాడు ఏడుకొండలు.

"అందరికీ అదే చెప్పాను."

"అందరితో ఎన్నో మాట్లాడతావు. వాళ్ళకి అదొక మాట. నాతో రెండేళ్ళలో అదొక్కటే అన్నావు." ఆయన కండువా అంచు చేతికి చుట్టుకుంటున్నాడు. "గుమ్మంలో నిలబడి, నావైపు చూడకుండా గోడకేసి చూసి, ఇది గుంటలో ఉంచాలి, తీయకూడదు అన్నావు. ఎలా తీస్తానమ్మా? కాలు తగిలినప్పుడల్లా వంగి, కళ్ళకద్దుకుని, మళ్ళీ అక్కడే పెట్టాను."

రేణుక ఏడవకూడదని పంటితో పెదవి నొక్కిపెట్టింది.

"మరి పొగ ఊదానని ఎందుకు చెప్పావు?"

"నీ మొగుడి మగ్గం ఆగిపోతుందన్నారు. నామీద ఒకటి ఉండనే ఉంది కదా, దానితోపాటు ఇదీ ఉంటుందనుకున్నాను."

ఆ మాటలో దెప్పు లేదు. ఉంటే బాగుండుననిపించింది రేణుకకు. తిడితే ఏదో ఒకటి బదులు చెప్పొచ్చు. ఆమె బల్ల దగ్గరకు వెళ్ళి ఫోను చేతిలోకి తీసుకుంది. స్పీకరు తీయడం మర్చిపోయింది, లేదా తీయాలనుకోలేదు.

"మేడం, మా అమ్మ పోయింది దీనివల్లేనా?"

అవునంటే చాలు. ఆ ఒక్క ముక్క వింటే, ఇంతమందిలోనూ తండ్రి కాళ్ళ మీద పడటానికి ఆమె సిద్ధంగా ఉంది.

"చెప్పలేం రేణుకా," అంది హెలెన్ మేడం. "ఇంట్లో చుట్ట పొగ ఉంటే అదీ ఒక కారణమే. రెండూ కలిస్తే మరీ చెడ్డది. ఒక మనిషి విషయంలో ఇంత దీనివల్ల, ఇంత దానివల్ల అని విడదీసి ఎవరూ చెప్పలేరు. నీకు అబద్ధం చెప్పి ఓదార్చలేను."

రేణుక తండ్రిని చూసింది. "ఇంట్లో కాల్చేవాడివా?"

"కాల్చాను," అన్నాడు ఏడుకొండలు. "ఎండాకాలం అరుగు మీద. వానలప్పుడు లోపలే. మీ అమ్మ వద్దని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు."

చూశారా, ఇంత జరిగీ ఆ నిందను ఆయన మీదనుంచి పూర్తిగా దించే వీల్లేకుండా పోయింది. సగం దింపడానికి కూడా ఎవరి దగ్గరా కొలత లేదు. రేణుకకు నేల మీద కోపం వచ్చింది, చుట్ట మీద వచ్చింది, అన్నిటికంటే బంతిలో లేచి నిలబడిన తన మీద వచ్చింది. ఆ కోపాలన్నీ పెట్టుకుని ఆమె హాలు మధ్యలో ఫోనుతో నిలబడింది.

"ఫోను పెట్టెయ్యమ్మా," అన్నాడు భానుచందర్. ఆమె పెట్టేసింది.

"నేను చెడ్డవాణ్ణి కాదు, నాకూ ఈ వీధితో ముప్పైయేళ్ళ సంబంధం. ఇప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను విను. ముప్పైతొమ్మిదీ చెల్లవని నువ్వు రాస్తే వాళ్ళు మళ్ళీ డబ్బీలు పెడతారు. ఈసారి అందరిళ్ళలోనూ అయిదొందలో ఆరొందలో వస్తుంది. వస్తే గుంటలకు సిమెంటు అడుగు వేస్తాం, గాలి పోవడానికి గొట్టాలు వేస్తాం, ఖర్చంతా మాదే అంటారు. మంచిదే. కానీ మగ్గాలు విప్పాలి. ఎన్ని నెలలు? ఈలోగా పేపర్లో పడుతుంది. నా నూలు హనుమాన్ జంక్షన్ అవతలికి పోతుంది. ఒకసారి పోయాక మళ్ళీ ఈ వీధికి నేను తేవాలన్నా తేలేను. ఆ గాలివల్ల రోగం వస్తే ఇరవైయేళ్ళకు వస్తుంది. నూలు ఆగితే వచ్చే నెలకే పొయ్యి వెలగదు. రెండింటికీ తేడా లేదంటావా?"

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదని అందరికీ తెలుసు. రేణుకకూ తెలుసు. అదే ఆమెకు ఎక్కువ భయంగా ఉంది.

"ఇరవైయేళ్ళ కిందట మా అమ్మకి కూడా ఇలాగే ఎవరో చెప్పి ఉంటారండీ," అంది.

బల్ల మీద కాగితం పరిచింది. పాడైన డబ్బీలు అన్న గడిలో తన ఇంటి నంబరు మొదట రాసింది. తర్వాత సాయిశ్రీది, బీరువా ఆవిడది, వరసగా అన్నీ. గడి చాలక పక్క ఖాళీలోకి వెళ్ళింది. ముప్పైతొమ్మిదీ రాసింది. తండ్రి నంబరు ఒక్కటే రాయలేదు. కారణం అన్నచోట ఒక క్షణం ఆగి, 'ఇళ్ళవాళ్ళ తప్పు కాదు. నేను లోపలికి వెళ్ళి చూడలేదు' అని రాసి సంతకం పెట్టింది. ఫోనుతో ఫోటో తీసి మేడంకి పంపించింది. పని మొత్తం అయిదు నిమిషాలు పట్టలేదు.

భానుచందర్ కోప్పడలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"దుర్గాశంకర్, నీ మగ్గం మీద ఇంకా ఎంత ఉంది?"

"తొమ్మిది గజాలుందండీ."

"నేసి దింపెయ్యి. తర్వాత పడుగుకి నూలు నేను చెప్పేదాకా ఉండదు." ఏడుకొండలువైపు చూశాడు. "నీదీ అంతే."

అందరూ లేచారు. గుమ్మంలో రేణుక పక్కనుంచే వెళ్ళాలి కాబట్టి వెళ్ళారు. కాన్పులకని ఆమె దాదాపు ఎత్తుకుని కంకిపాడు ఆస్పత్రికి తీసుకెళ్ళిన ఆడవాళ్ళు కూడా చెప్పులు వెతుక్కునే నెపంతో తల వంచుకున్నారు. రాజ్యలక్ష్మి మాత్రం ఆగి, "అక్షరాలున్నదాన్ని తన్నమంటావా ఏమిటే?" అని నిజంగానే అర్థం కాక అడిగింది. రేణుక జవాబు చెప్పేలోపు కొడుకు ఆవిడ రెక్క పట్టుకుని మెట్లు దింపాడు.

కింద దుర్గాశంకర్ ఆగాడు.

"రెండ్రోజులు మీ నాన్న దగ్గర ఉండు," అన్నాడు.

"ఎందుకండీ?"

"నువ్వు ఇంట్లో ఉంటే షావుకారు గారు మన గడప తొక్కరు. నువ్వు లేవని తెలిస్తే, నేను కాళ్ళావేళ్ళా పడితే, మనసు మార్చుకుంటారేమో. నేనే వచ్చి పిలుస్తాను."

"మన గుంటలో కూడా అంతే ఉంటుందండీ. పద్దెనిమిదేళ్ళుగా మీరు..."

"తెలుసు," అన్నాడు. "విన్నాను. నాకింకో పని రాదు." ఆమె మొహంలోకి చూడకుండా వెళ్ళిపోయాడు. అతను చెడ్డవాడైతే ఆమెకు సులువుగా ఉండేది.

రేణుక వీధిలో నడిచింది. తన ఇంటి తలుపు వేసి ఉంది. దాన్ని దాటి ముందుకు వెళ్ళింది. పదకొండు గడపల దూరం. రెండేళ్ళుగా ఆ దారిలో టీకాలకీ తూకాలకీ వందసార్లు తిరిగింది. తండ్రి గుమ్మం దగ్గరకొచ్చేసరికి, డబ్బీ పెట్టిన రోజూ తీసుకున్న రోజూ తప్ప, ప్రతిసారీ ఫోను చూసుకుంటూ దాటిపోయేది. ఇవాళ అక్కడే ఆగాలి. ఏమని మొదలుపెట్టాలో మనసులో కూడబలుక్కుంటోంది. క్షమించు అని అంటే చాలదు. బంతిలో ఉన్నవాళ్ళందర్నీ మళ్ళీ పిలిచి చెబుతాననాలి.

ఏడుకొండలు అప్పటికే ఇంటికొచ్చేశాడు. ఆమె మెట్టు మీద కాలు పెట్టగానే గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులూ అటూ ఇటూ ద్వారబంధానికి ఆనించి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలికి రాకమ్మా," అన్నాడు.

రేణుక మెట్టు మీదే ఆగిపోయింది. ఇది తనకు రావలసిందే అనుకుంది. "నాన్నా, ఆ రోజు నేనన్న మాట..."

"దానికి కాదు."

"ఆయన రెండ్రోజులు ఇక్కడ ఉండమన్నారు. నాకు వేరే చోటు లేదు."

"ఉన్నా లేకపోయినా ఇక్కడికి మాత్రం రాకు. ఈ ఇంట్లో ఏముందో ఇప్పుడే నలుగురిలో రాసి సంతకం పెట్టావు. మీ అమ్మ పీల్చింది చాలు. నువ్వు రాసింది నువ్వే నమ్మకపోతే, రేపు వీధిలో ఎవరు నమ్ముతారు?"

"మరి నువ్వు?"

"నా మగ్గం మీద నాలుగు గజాలుంది. దింపమన్నాడుగా."

ఆయన తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పడింది. కాసేపటికి మగ్గం మొదలైంది. ఆ చప్పుడును బట్టి ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడని తెలుస్తోంది. రేణుక తలుపు కొట్టింది. మగ్గం ఆగలేదు.

చేతిలో ఫోను మోగింది. హెలెన్ మేడం మెసేజి పెట్టింది. 'కాగితం చూశాను. చాలా ధైర్యం చేశావు. రేపు ఉదయం ఎనిమిదింటికి కొత్త డబ్బీలతో వస్తున్నాను. ఎవరూ ముందుకు రాకపోయినా ఫర్వాలేదు, మీ ఇంటినుంచే మొదలుపెడదాం.'

రేణుక వీధికి ఆ చివరా ఈ చివరా చూసింది. జవాబు రాయడానికి వేలు పెట్టి, ఏ ఇల్లని రాయాలో తెలియక అలాగే నిలబడిపోయింది.